96 శాతం కలిసినా అదే మూలం కాదండీ

చైనాలోని యునాన్ రాష్ట్రపు గబ్బిలం వైరస్‌తో కోవిడ్ వైరస్ 96 శాతం కలిసినప్పుడు, దాని మూలం కోసం ఇంకా వెతకడం ఎందుకని అడిగారు. ఆ అంకే తికమక పెడుతోంది. ఈ వైరస్ జన్యుక్రమంలో దాదాపు 30,000 అక్షరాలుంటాయి. 4 శాతం తేడా అంటే వెయ్యికి పైగా మార్పులు! అవి పేరుకోవాలంటే దశాబ్దాలు పడుతుంది. అంటే అది తల్లి కాదు, దూరపు చుట్టం.

కోవిడ్‌కి ముందు వచ్చిన అలాంటి జబ్బు, పాత సార్స్ సంగతే చూడండి. 2003లో చైనాలోని షెన్‌జెన్ నగర మార్కెట్‌లోని పునుగు పిల్లుల్లో (మన తిరుమల పునుగు పిల్లికి చుట్టాలే) దొరికిన వైరస్ మనుషుల వైరస్‌తో 99.8 శాతం కలిసింది. ఇంకేం, తేలిపోయిందనుకున్నారు. తీరా చూస్తే ఫారాల్లో పెంచే పునుగు పిల్లుల్లో దాని జాడ పెద్దగా లేదు. ఎక్కువగా మార్కెట్‌లోనే అంటుకుందన్నమాట. 2005లో గబ్బిలాల్లో సార్స్ వైరస్‌కి దగ్గరి బంధువులు దొరికాయి. దాని జన్యుక్రమపు ముక్కలన్నీ యునాన్‌లో ఒకే గుహలోని గబ్బిలాల వైరస్‌లలో ఉన్నాయని తేలేసరికి 2017 వచ్చింది.

ఇంకో మాట. శాతం చూడగానే అది మొత్తం జన్యుక్రమానిదా, ఒక ముక్కదా అని చూడండి. అలుగు (పొలుసుల జంతువు, పాంగోలిన్) వైరస్ మొత్తంగా 90 శాతమే కలుస్తుంది కానీ, మన కణానికి అతుక్కునే ముక్క మాత్రం కోవిడ్‌కి చాలా దగ్గర. ఈ వైరస్‌లు ముక్కలు మార్చుకుంటాయి మరి.