క్రాఫ్ట్ మేళాలో టేబుళ్లు 30, అప్లికేషన్లు 90: ఎవరికివ్వాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: కన్వెన్షన్ హాల్లో రెండు రోజుల ఆర్ట్, క్రాఫ్ట్ మేళా పెడుతున్నారు. టేబుళ్లు 30, అప్లికేషన్లు 90, అందులో 40 నగలవాళ్లవే. ముందు వచ్చినవాళ్లకు ఇవ్వాలా, లాటరీ తీయాలా, జ్యూరీ పెట్టాలా అని అడుగుతున్నారు. నేను టెర్రకోట నగలు చేసి అమ్ముతాను, హైదరాబాద్‌లో ఒక చిన్న మేళా కమిటీలో కూడా కొన్నేళ్లుగా ఉన్నాను. కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్తాను.

ముందు వచ్చినవాళ్లకు ముందు అనే పద్ధతి వద్దు. పైకి పక్షపాతం లేనట్టే ఉంటుంది గానీ, ఫారం ఎప్పుడు తెరుస్తారో వాట్సాప్ గ్రూపుల్లో ముందే తెలిసినవాళ్లకే అది లాభం. నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే పెద్దాయన ఇంట్లో ఫారం నింపాల్సింది కాలేజీకెళ్లిన అబ్బాయే అనుకోండి, వాడు సాయంత్రం ఇంటికొచ్చేసరికి మీ టేబుళ్లు అయిపోతాయి. పది రోజులు తెరిచి ఉంచండి. మొదటి రోజు పంపినా చివరి రోజు పంపినా ఒకటే అని అందులోనే రాయండి.

జ్యూరీ కావాలి, కానీ ఒక్క పనికే: వస్తువు చేత్తో చేసిందా కాదా అని చూడడానికి. బేగంబజార్‌లో డజన్ల లెక్కన కొని 'హ్యాండ్‌మేడ్' స్టిక్కర్ వేసేవాళ్లు మీకూ తగులుతారు. వాళ్లను పట్టుకోవడం అంత కష్టమేం కాదు. సగం పనిలో ఉన్న వస్తువు ఫొటో అడగండి. చేర్యాల మాస్కయితే వెనక్కి తిప్పి తీసిన ఫొటో అడగండి. కొబ్బరి చిప్ప మీద చేసిందయితే చిప్ప కనిపిస్తుంది, చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపి అద్దిన అంచు గరుగ్గా ఉంటుంది. అచ్చు పోసినదానికి వెనకంతా నున్నగా ఉంటుంది. కేంద్ర హస్తకళల కమిషనర్ కార్యాలయం చేతిపనివాళ్లకు ఇచ్చే గుర్తింపు కార్డు, అదే పహచాన్ కార్డు ఉంటే మీ పని ఇంకా తేలిక. అయితే ఆ కార్డునే షరతుగా పెట్టకండి. ఇంట్లో క్రోషే అల్లే ఆవిడకో, సొంత బొమ్మలు ప్రింట్ తీసి అమ్మే స్టూడెంట్‌కో అది ఉండకపోవచ్చు.

ఏది బాగుంది, ఏది బాగోలేదు అన్న తీర్పు మాత్రం జ్యూరీకి అప్పజెప్పకండి. అప్పజెప్తే రెండేళ్లకల్లా మీ మేళాలో అవే ముఖాలు, అవే రంగులు మిగులుతాయి. నాణ్యత పడిపోతుందని కమిటీలో ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు. పడిపోదండీ. బాగోలేనిది కొనాలా వద్దా జనం చూసుకుంటారు.

వడపోత అయ్యాక లాటరీ. అందర్నీ ఒకే డబ్బాలో వేస్తే మీ లెక్క ప్రకారం నగలవాళ్లే పదమూడు మంది దాకా వస్తారు, ఒకరి బేరం ఒకరు తినేస్తారు. నగలకు ఆరో ఏడో టేబుళ్లని ముందే ప్రకటించి, చెక్క, బట్ట, మట్టి, బొమ్మలకు వేరువేరుగా చీటీలు తీయండి. ఈ పద్ధతిలో నష్టపోయేది నాలాంటివాళ్లమే. చెక్కపని వాళ్లు ఐదుగురొస్తే ఐదుగురికీ దొరుకుతుంది, నాకు ఆరింట ఒక ఛాన్సు. అయినా నా ఓటు దీనికే, ఎందుకంటే పదమూడు నగల టేబుళ్ల మధ్య కూర్చుని ఈగలు తోలుకోవడం నాకు తెలుసు. నిరుడు టేబుల్ దొరకనివాళ్ల పేరు మీద ఈ ఏడు రెండు చీటీలు వేస్తే కోపాలు చాలావరకు తగ్గుతాయి. ఢిల్లీలో చేతిపనుల సంత ఢిల్లీ హాట్‌లో చేతిపనివాళ్ల స్టాళ్లు 15 రోజుల చొప్పున వంతులవారీగా ఇస్తారు, శాశ్వతంగా కాదు. మీరూ పాతవాళ్లకు టేబుల్ రాసిచ్చేయకండి. ఇంకో మాట: ఇంటిపేరు ఒకటే అని అప్లికేషన్లు కొట్టేయకండి. చేతిపనుల ఊళ్లలో పది ఇళ్లకు ఒకే ఇంటిపేరు ఉంటుంది. ఒక వర్క్‌షాప్‌కు ఒక టేబుల్ అని పెట్టుకోండి, చాలు.

ఇక నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం ఎంపిక దగ్గర రాలేదు. ఏ టేబుల్ ఎవరికి అన్న దగ్గర, చివరి రోజు ఖాళీ అయిన టేబుల్ ఎవరికి వెళ్లింది అన్న దగ్గర వచ్చాయి. ఒక మేళాలో నన్ను జనరేటర్ పక్కన కూర్చోబెట్టారు. కొనేవాళ్లు ధర అరిచి అడగాల్సొచ్చింది. గేటు ఎదురుగా ఉన్న మూల టేబుల్ కమిటీ సభ్యుడి బంధువుది. అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో అన్నట్టు.

అందుకే చోటుకు వేరే చీటీలు తీయండి, తీసేటప్పుడు లైవ్ పెట్టండి. దానికంటే ముందు ఎవరికేం కావాలో కనుక్కోండి. తోలు ల్యాంపులవాళ్లకు ప్లగ్ పాయింట్, కాస్త చీకటి మూల కావాలి. పెయింటింగులకు వెలుతురు కావాలి. చీరలు, దుపట్టాలు బజ్జీల స్టాల్ పక్కన పెడితే సాయంత్రానికి నూనె వాసన పట్టేస్తాయి. మీ హాలు సెల్లార్‌లో ఉంటే ముందే వెళ్లి ప్రతి వరసలో సిగ్నల్ చూడండి. క్యూఆర్ కోడ్ స్కాన్ అవ్వని వరసలో కూర్చున్నవాళ్లు మీకు మళ్లీ రారు. ఇవన్నీ తీరాక మిగిలిన మంచి చోట్లకే చీటీలు. మూల టేబుళ్లకు ఎక్కువ అద్దె తీసుకుంటే తప్పు లేదు, ఆ పైడబ్బు బస్సెక్కి లాడ్జిలో దిగే పల్లె కళాకారుల అద్దె తగ్గించడానికి వాడతామని చెప్పి తీసుకోండి. చిన్న వస్తువులవాళ్లకు సగం టేబుల్ అద్దెకివ్వడమూ మంచిదే.

చీటీలు 30 దగ్గర ఆపకండి, చివరిదాకా తీసి అందరికీ వెయిటింగ్ నంబర్ ఇవ్వండి. ఎవరైనా మానుకుంటే ఆ విభాగంలో తర్వాతి నంబర్‌కే ఫోన్ వెళ్లాలి, కమిటీలో ఎవరి పరిచయస్తులకూ కాదు. కమిటీలో ఉన్నవాళ్లు ఆ ఏడు టేబుల్ తీసుకోకూడదు. మా దగ్గర ఈ రూల్ పెట్టాక ఇద్దరు కమిటీ వదిలేశారు.

ఫలితం కనీసం నెల రోజుల ముందు చెప్పండి. మట్టి నగ నీడన ఆరాలి, కాలాలి, తర్వాత రంగు. వారం ముందు టేబుల్ వచ్చిందంటే అమ్మడానికి నా దగ్గర పాత సరుకే ఉంటుంది.