సందేహాలు – సమాధానాలు: ‘దిగా’ అనాలా, ‘దిగానండి’ అనాలా?

సందేహం: మా అబ్బాయి హైదరాబాదులో చదువుతున్నాడు. ఫోన్ చేస్తే ‘రావులపాలెంలో దిగానండి, నాన్నగారూ’ అంటాడు. వాట్సాప్‌లో అయితే ‘దిగా’, ‘తిన్నా’, ‘రేపొస్తా’ అని పెడతాడు. చివర ‘ను’ ఎగిరిపోతోంది. ఇది తప్పు కాదా? ఫోన్ల వల్ల భాష పాడవుతోందా?
– ఒక పాఠకుడు, అమలాపురం

సమాధానం: తప్పు కాదండి. ‘ను’ను ఎగరగొట్టింది ఫోన్లు కావు. ‘ఇదిగో వస్తా’, ‘నే చెప్పా కదా’ అని వాట్సాప్ రాకముందు నుంచీ అంటూనే ఉన్నాం. దిగావు, దిగాడు, దిగారు, దిగాం – ఎవరు దిగారో క్రియ చివరే తెలుస్తుంది. ఏమీ లేకుండా ‘దిగా’ అంటే నేనే. అర్థానికి ఇబ్బంది లేదు. మారింది ఏమిటంటే, ఒకప్పుడు ఇలాంటివి నోటి వరకే ఉండేవి. ఉత్తరం రాస్తే ‘మీ క్షేమ సమాచారములు తెలియజేయగలరు’ అనేవాళ్లం. గిడుగు రామమూర్తి (1863–1940) శిష్టుల వాడుక భాష పుస్తకాల్లోకి రావాలని పోరాడారు. ఇప్పుడు ఇంట్లో మాట్లాడుకునే మాట కూడా రాతలోకి వచ్చేసింది.

పొదుపుగా రాయడం ఎస్సెమ్మెస్ నాటి నుంచీ ఉంది. ఒక మెసేజీకి ఇంగ్లీషు అక్షరాలైతే 160, తెలుగైతే 70 మాత్రమే. గుణింతాలూ వత్తులూ లెక్కలోకే వచ్చేవి. ‘దిగానండి’కి 8 పోతే ‘దిగా’కు 4 చాలు. ఇప్పుడు ఆ ఇరుకు లేదు.

‘ను’ తీసేస్తే చిక్కు వచ్చే చోట్లు మాత్రం కొన్ని ఉన్నాయి. ‘ఇంట్లో ఉన్నా రాలేదు’ అని మెసేజ్ వచ్చిందనుకోండి. నేను ఇంట్లోనే ఉన్నాను, అతను రాలేదనా? లేక ఇంట్లో ఉండి కూడా అతను రాలేదనా? మాట్లాడేటప్పుడు విరుపుతో తెలిసిపోతుంది, రాతలో తెలియదు. తిన్నా, విన్నా, కొన్నా – వీటికీ ఇదే ఇబ్బంది. అలాంటి చోట ‘ఉన్నాను’ అని పూర్తిగా రాయాల్సిందే.

ఇక, మీ అబ్బాయి ఫోన్లో మాట్లాడినప్పుడు ‘ను’ ఎందుకు వస్తోందో గమనించారా? ‘దిగా’కు ‘అండి’ తగిలించలేం. ‘దిగాండి’ అని ఎవరూ అనరు. ‘అండి’ రావాలంటే ‘ను’ రావాలి: దిగాను + అండి, ఉకారసంధితో ‘దిగానండి’. మాటమాటకీ ‘అండి’ అనే మన కోనసీమలో ‘ను’కు వచ్చిన భయమేమీ లేదు. నా దిగులల్లా ‘అండి’ గురించే. ‘అలాగేనండి’ అనాల్సిన చోట ‘ఓకే’ వచ్చింది, ఇప్పుడు అదీ పోయి బొటనవేలి బొమ్మ వస్తోంది. పెద్దవాళ్లు పిలిస్తే ‘ఆయ్’ అని పలికే పిల్లలు కూడా మెసేజీలో ఆ మాట రాయరు. ఎదురుగా ఉంటే గొంతులోనూ, నిలబడే తీరులోనూ మన్నన తెలుస్తుంది. ఫోన్లో కనిపించేది అక్షరమే కాబట్టి, ‘అండి’ అవసరం అక్కడే ఎక్కువ. స్నేహితులకు ‘దిగా’ అని పెట్టుకోనివ్వండి. మీకు పెట్టేటప్పుడు ‘అండి’ చేర్చమనండి, ‘ను’ దానంతటదే వస్తుంది.

మరో మాట. చాలామంది ‘దిగాను అండి’, ‘సరే అండి’ అని విడగొట్టి రాస్తున్నారు. తప్పనను కానీ, మన నోట వచ్చేది ‘దిగానండి’, ‘సరేనండి’. ‘సరే’లో ‘న’ లేదు; ‘అండి’తో కలిపి పలికేటప్పుడు మధ్యలో వచ్చి చేరుతుంది. కలిపి రాస్తేనే అది కనిపిస్తుంది.