‘పైవాళ్లు చెప్పారు, చేశాను’ అంటే కోర్టు వదిలేస్తుందా?

ప్రశ్న: ఆర్డర్ వచ్చాక కాల్చకపోతే సైనికుడికి సొంత సైన్యంలోనే శిక్ష పడుతుంది. కాలిస్తేనేమో అంతర్జాతీయ కోర్టు యుద్ధ నేరస్తుడంటుంది. మరి అతనేం చేయాలి? ఇదెక్కడి న్యాయం? – ఒక లా విద్యార్థి

జవాబు: నిజానికి అంతర్జాతీయ క్రిమినల్ చట్టం మొదలైందే మీరు అడిగిన ప్రశ్న దగ్గర. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక నూరెంబర్గ్‌లో నాజీ నేతల్ని బోనులో నిలబెడితే, చాలామంది చెప్పుకున్నది ఇదే: హిట్లర్ ఆదేశించాడు, మేం పాటించాం. ఆ కోర్టు ఒప్పుకోలేదు. ఆర్డర్ ఉందంటే శిక్ష తగ్గితే తగ్గవచ్చు, నేరం మాత్రం మాఫీ కాదు, ఎందుకంటే నేరాలు చేసేది మనుషులే గానీ ‘దేశం’ అనే కంటికి కనబడని వస్తువు కాదు, శిక్షించాల్సిందీ ఆ మనుషుల్నే అంది. 1946 అక్టోబర్ 1న వచ్చిన తీర్పులో 22 మందిలో 12 మందికి మరణశిక్ష పడిందని అందరూ చెబుతారు, ముగ్గురు నిర్దోషులుగా బయటికి వచ్చారన్నది ఎవరూ పెద్దగా చెప్పరు. నాకు ఆ ముగ్గురే ముఖ్యం. ఓడిపోయిన పక్షం కదా అని అందర్నీ ఒకే గాటన కట్టలేదు, ఎవరు ఏం చేశారో విడివిడిగా చూశారు.

ఇప్పుడున్న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు నిబంధనలు కొంచెం వెసులుబాటు ఇస్తాయి. ఆ ఆర్డర్ పాటించాలని చట్టం అతన్ని కట్టడి చేసి ఉండాలి, అది అక్రమమని అతనికి తెలిసి ఉండకూడదు, చూడగానే అక్రమమని తెలిసిపోయే ఆర్డర్ అయి ఉండకూడదు. మూడూ ఉంటేనే తప్పించుకుంటాడు. జాతి నిర్మూలన చేయమన్నా, మానవాళిపై నేరానికి ఒడిగట్టమన్నా అది ఎప్పుడూ చూడగానే తెలిసిపోయే అక్రమమే, అక్కడ తెలియదన్న మాట చెల్లదు.

తలకి తుపాకీ పెడితే? ఆర్డర్ వేరు, ప్రాణభయం వేరు. డ్రాజెన్ ఎర్డెమోవిచ్ కేసు చూడండి. 1995 జులై 16, బోస్నియాలో స్రెబ్రెనిత్సా పట్టణం నుంచి బోస్నియా సెర్బ్ సైన్యం పట్టుకున్న ముస్లిం మగవాళ్లను బస్సుల్లో ఒక వ్యవసాయ క్షేత్రానికి తెచ్చి, వరసగా నిలబెట్టి కాల్చేశారు. ఆ సైన్యంలోనే ఉన్న 23 ఏళ్ల ఎర్డెమోవిచ్ మొదట కాల్చనన్నాడు, వాళ్లమీద అంత జాలి ఉంటే వెళ్లి ఆ వరసలో నిలబడమన్నారు. ఇంటి దగ్గర భార్య, పసిబిడ్డ. కాల్చాడు. సుమారు 70 మందిని చంపి ఉంటానని తనే లెక్క చెప్పాడు. అదే రోజు ఇంకో చోట ఇంకో 500 మందిని చంపడానికి రమ్మంటే మాత్రం రానన్నాడు, అతని దళంలో మరికొందరు కూడా రామన్నారు, అప్పుడు వాళ్లనెవరూ చంపలేదు. ఈ కేసు చదివినప్పుడల్లా ఇక్కడికి వచ్చి ఆగిపోతాను.

తర్వాత అతనే విలేకరులకు జరిగిందంతా చెప్పాడు. అమాయకుల్ని చంపిన వాడికి ప్రాణభయం పూర్తి సాకు కాదని 1997లో, మాజీ యుగోస్లావియా యుద్ధ నేరాల కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన ట్రిబ్యునల్ అప్పీలు కోర్టులో ముగ్గురు జడ్జీలు తేల్చారు, మిగతా ఇద్దరు ఒప్పుకోలేదు, చివరికి అయిదేళ్ల శిక్ష పడింది. నా మనసు ఆ ఇద్దరి వైపే ఉంది. అతను కాల్చకపోయినా ఆ మనుషులు బతికేవాళ్లు కారు, అలాంటప్పుడు నువ్వూ చచ్చిపో అని చట్టం ఎలా అడుగుతుంది? అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుని ఏర్పాటు చేస్తూ 1998లో కుదిరిన రోమ్ ఒప్పందం ప్రాణభయాన్ని గట్టి షరతులతో సాకుగా ఒప్పుకుంది.

ప్రశ్న: కింది వాళ్లు దొరుకుతారు సరే, ఆర్డర్లు ఇచ్చిన పెద్దల మాటేంటి? – ఒక టీచర్

జవాబు: చట్టంలో అయితే పెద్దలకు మినహాయింపు లేదు. ప్రెసిడెంట్ అయినా ప్రధాని అయినా పదవి అడ్డు పెట్టుకోవడానికి వీల్లేదు. తన బలగాలు ఘోరాలు చేస్తున్నాయని తెలిసి కూడా ఆపని, శిక్షించని కమాండర్ కూడా నేరస్తుడే, తను ఆర్డర్ ఇవ్వకపోయినా సరే. లైబీరియా మాజీ ప్రెసిడెంట్ చార్లెస్ టేలర్‌కి, పొరుగు దేశం సియెర్రా లియోన్‌లో తిరుగుబాటుదారుల నేరాలకు తోడ్పడినందుకు, ఆ దేశం కోసం పెట్టిన ప్రత్యేక కోర్టులో 2012లో 50 ఏళ్ల జైలు పడింది.

బాధ ఎక్కడంటే, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకి సొంత పోలీసులు లేరు. అప్పటి సుడాన్ ప్రెసిడెంట్ బషీర్‌పై 2009లో వారంట్ ఇచ్చినా, 2015లో సభ్య దేశమైన దక్షిణాఫ్రికాకి వెళ్లి, అక్కడి కోర్టు దేశం దాటవద్దన్నా వినకుండా తిరిగి సుడాన్ వెళ్లిపోయాడు. అతన్ని అరెస్టు చెయ్యాల్సిన దక్షిణాఫ్రికా ఆ పని చెయ్యలేదు, అంతే.

ప్రశ్న: మా తాతల కాలంలో జరిగిన దారుణాల మీద ఇప్పుడు అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో కేసు వేయొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: ఆ కోర్టులో వేయలేరు. 2002 జులై 1కి ముందు జరిగినవి దాని పరిధిలోకి రావు, చేసిన రోజున లేని చట్టంతో ఎవరినీ శిక్షించకూడదన్నదే అసలు సూత్రం. ఆ తర్వాత జరిగిన వాటికి మాత్రం కాలదోషం పట్టదు, కోర్టు పరిధిలోకి వచ్చే నేరమైతే నలభై ఏళ్లు గడిచాక అయినా కేసు నడపొచ్చు.