హైదరాబాదులో ఒక్క రోజే ఉంటే పాతబస్తీ ఒక్కటే చూడండి

విజయవాడ నుంచి అమ్మానాన్నలతో తెల్లవారేసరికి సికింద్రాబాదులో దిగి, ఆ రాత్రి రైలుకే తిరిగి వెళ్లాలనుకుంటున్నామని, ఈలోగా గోల్కొండ, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ అన్నీ చూడవచ్చా అని మీరు అడిగారు. అన్ని చోట్లకూ వెళ్లి రావచ్చు గానీ, రోజులో సగం ఆటోల్లోనే గడిచిపోతుంది. మొదటిసారి మా అమ్మను, పెద్దమ్మను తీసుకుని నేను అలాగే బయలుదేరాను. గోల్కొండ మెట్లు ఎక్కి దిగేసరికే పెద్దమ్మకు మోకాళ్లు పట్టేశాయి. శుక్రవారమన్న సంగతి నేను చూసుకోకపోవడంతో మధ్యాహ్నం మ్యూజియానికి వెళితే అది సెలవు, అక్కడి నుంచి చౌమహల్లా ప్యాలెస్‌కు వెళితే అదీ సెలవు. కాబట్టి అన్నిటికంటే ముందు, మీ ప్రయాణం శుక్రవారం పడకుండా చూసుకోండి.

రెండేళ్ల తర్వాత అదే ఇద్దరినీ మళ్లీ తీసుకువెళ్లినప్పుడు గోల్కొండను పూర్తిగా వదిలేసి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాతబస్తీలోనే ఉన్నాము. మీకూ అదే చెబుతాను. సికింద్రాబాద్ వెస్ట్ మెట్రో స్టేషన్‌లో ఎక్కితే రైలు మారే పని లేకుండా ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దగ్గర దిగవచ్చు. అక్కడి నుంచి ఆటోలో మూసీ దాటి సాలార్‌జంగ్ మ్యూజియానికి పది గంటలకల్లా చేరుకోండి. గదులన్నీ చూడాలని పట్టు పట్టకండి, పెద్దవాళ్లకు కాళ్లు నిలవవు. నిజాం ప్రధానమంత్రి అయిన మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్న ముసుగు రెబెకా పాలరాతి శిల్పం ముందు మాత్రం తీరికగా నిలబడండి. ముఖం మీది పలుచని మేలిముసుగు, దాని వెనుక కనిపించే కనుముక్కుతీరు అన్నీ రాయేనని తెలిసినా, మా పెద్దమ్మ ఆ ముసుగును పక్కకు తీస్తే బాగుండునన్నట్టు వంగి వంగి చూసింది. పన్నెండు గంటలకు పావుగంట ముందే గడియారం ఉన్న ఆవరణకు వచ్చి కూర్చోండి. లోపలి కమ్మరి బొమ్మ క్షణక్షణానికీ సుత్తితో కొడుతూనే ఉంటుంది. గంట కాగానే గడ్డం ఉన్న చిన్న బొమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. అందుకే పన్నెండింటికి చూడమంటున్నాను.

మధ్యాహ్న భోజనం మదీనా కూడలి వైపు కానిచ్చుకుని, పత్తర్‌గట్టీ మీదుగా చార్మినార్‌కు నెమ్మదిగా నడవండి. దారిలో చార్ కమాన్లనే నాలుగు పెద్ద కమానులు, వాటి నడుమ గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్ వస్తాయి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినార్ పైకి వెళ్లే మెట్లు ఇరుకుగా, మెలికలు తిరిగి, ఎత్తుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న వారిని ఎక్కించవద్దు. వారికి కింద చార్మినార్ కమానుల నీడే చాలు. పక్కనే ఉన్న మక్కా మసీదు పని కుతుబ్‌షాహీల కాలంలో మొదలై, ఆ రాజ్యమే పోయాక, 1694లో ఔరంగజేబు హయాంలో పూర్తయింది. దాని ముంగిట్లో పావురాలకు గింజలు వేస్తూ కాసేపు కూర్చుంటే పొద్దుటి అలసట తీరుతుంది. ఎండ తగ్గకముందే చౌమహల్లాలోకి వెళ్లిపోండి. ఆసఫ్‌జాహీల (నిజాముల) దర్బారు మందిరంలో వేలాడే పెద్ద పెద్ద స్ఫటిక దీపగుచ్ఛాల కింద చల్లగా ఉంటుంది, తోటలో కూర్చోవడానికి చోటు కూడా దొరుకుతుంది.

సాయంత్రం లాడ్ బజారుకే ఉంచుకోండి. అద్దాల్లో మెరిసే గాజులను చూసి వచ్చేయకుండా, చేసే మనిషి కనిపిస్తే అడిగి, ఒక్క గాజు పూర్తయ్యేదాకా అక్కడ నిలబడండి. నిప్పుల మీద మెత్తబడిన లక్కను చేత్తో తాడులా సాగదీసి, గుండ్రంగా చుట్టి, అది వేడిగా ఉన్నంతసేపే చిన్న చిన్న రాళ్లను ఒక్కొక్కటిగా అద్దుతారు. చల్లారితే రాయి కూర్చోదు, మళ్లీ నిప్పుకు చూపాలి. మేము చూసిన ఆయన వేళ్ల కొనలు కమిలి గట్టిపడి ఉన్నాయి. అది చూశాక మా అమ్మ బేరం ఆడలేదు. బేరం ఆడటం అక్కడ మామూలే, మీరు ఆడవచ్చు. కానీ రాళ్లు గట్టిగా అతుక్కున్నాయో లేదో వేలితో తడిమి చూసి మరీ తీసుకోండి. చేతి కొలతకు పాత గాజు ఒకటి వెంట తెచ్చుకుంటే, ఊళ్లో ఉన్నవాళ్లకూ సరిపడినవి కొనవచ్చు.

తర్వాత ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తీసుకుని, ఏడింటికల్లా ఎంజీబీఎస్‌కు బయలుదేరండి. సాయంత్రంపూట మదీనా దాకా రద్దీ ఎక్కువ కనుక ఆటోకు అరగంట పట్టినా ఆశ్చర్యం లేదు. మెట్రో ఎక్కాక మాత్రం రైలు అందుతుందో లేదోనన్న బెంగ ఉండదు.