జహీరాబాద్ వైపు గునుగు, తుమ్మికూర తిరిగి రావాలంటే

పదేళ్లుగా పత్తి వేసిన మీ నాలుగు ఎకరాల్లో గునుగు, తుమ్మికూర, దొగ్గలికూర వంటి తమంతట తామే మొలిచే ఆకుకూరలు కనిపించడం లేదని, వాటిని విత్తాలా అని అడిగారు. తొందరపడి విత్తకండి. ఈ మొక్కల విత్తనాలు నేలలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండగలవు కనుక, ముందు ఒక్క ఎకరంలో గడ్డిమందు పూర్తిగా మానేసి, రెండు వానాకాలాలు గమనించండి. ఆ ఎకరంలో పచ్చజొన్న, కంది, పెసర, అనుము కలిపి వేస్తే, పెసర రెండు నెలలు దాటగానే చేతికొస్తుంది, కంది చివరిదాకా నిలుస్తుంది, నడుమ సాళ్లలో ఆకుకూరలకు చోటు దొరుకుతుంది. జొన్న, కంది పాత విత్తనాలకు మీ దగ్గరలోనే పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలను అడగండి. దశాబ్దాలుగా వాటిని కాపాడుతున్నది వారే.

కలుపు తీసేటప్పుడు లేత గునుగును కూరకు కోసుకుని, గట్ల మీద కొన్ని మొక్కలను మాత్రం బతుకమ్మ దాటి నల్లని గింజలు రాలేవరకు తప్పక వదలండి. గట్లను తగలబెట్టడం నాకు చాలా బాధ కలిగిస్తుంది, దయచేసి మానండి. వయ్యారిభామ (పార్థీనియం) కలుపును మాత్రం పూతకు ముందే వేర్లతో సహా పెకలించండి.