రోపింగ్ జీను సొంతంగా చేయాలంటే: పూల కంటే ముందు తాడు దారి చూసుకోండి

డల్లాస్ వైపు ఉంటున్నారు, బెల్టులు, పర్సులు చేయడం బాగానే వచ్చింది, టీమ్ రోపింగ్ (ఇద్దరు గుర్రాల మీద వెళ్లి ఒక పశువును తాళ్లతో పట్టే పోటీ) చేసే స్నేహితుడికి తోలు మీద షెరిడన్ శైలి పూలు చెక్కిన జీను చేసివ్వాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి, ఇండియా నుంచి తోలు తెప్పిస్తే చవకవుతుందా అని అడిగారు. నాది ఐటీ ఉద్యోగం. ఫోర్ట్ వర్త్‌కి పడమర వైపు జీనులు చేసే ఒక పెద్దాయన దగ్గర శనివారాలు కూర్చుని ఈ పని నేర్చుకున్నాను. అక్కడ నా చేతికి తెలిసిందే చెబుతాను.

మీ ప్రశ్నలో సగం పూల గురించే ఉంది. వాటిని కాసేపు పక్కన పెట్టండి. మీ స్నేహితుడు హెడరా, హీలరా? ముందు అది అడగండి. హెడర్ కోడె కొమ్ములకు తాడు వేసి, చివరను జీను ముందుండే కొమ్ములాంటి పిడికి, అంటే హార్న్‌కి చుట్టి, గుర్రాన్ని ఎడమకు తిప్పుతాడు. రెండు వందల కిలోలు దాటిన పశువు ఒక్కసారిగా తాడు చివర ఆగుతుంది. ఆ లాగుడంతా హార్న్ మీద పడి, అక్కణ్ణించి జీను లోపలి చట్రానికి, అంటే ట్రీకి, ట్రీ నుంచి గుర్రం వెన్నుకీ పట్టీలకీ పోతుంది. షోకి వెళ్లే జీనుకీ దీనికీ తేడా ఇదే. హీలర్ వెనక కాళ్లకు వేస్తాడు కాబట్టి అతని తాడు ఎక్కువగా ముందుకే లాగుతుంది. హెడర్ తాడు కుడి స్వెల్‌ని (హార్న్ కింద జీను ముందు ఉబ్బెత్తుగా ఉండే భాగం), అతని కుడి తొడను రాసుకుంటూ వెనక్కి పోతుంది. ఏ భాగం అరుగుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. పూలు ఎక్కడ చెక్కాలో కూడా ఇదే చెబుతుంది.

ట్రీ మీరే చేసుకుందామనుకోవద్దు. అది వేరే విద్య. చెక్కతో చేసి, పైన తడి పచ్చితోలు బిగించి కుట్టి ఆరబెడతారు. ఆరేకొద్దీ తోలు ముడుచుకుని చెక్కను పట్టేస్తుంది. ఫైబర్‌గ్లాస్ పూసినవీ దొరుకుతాయి, చవక కూడా. కానీ రోపింగ్‌కి పచ్చితోలు ట్రీ మీద నాకు నమ్మకం ఎక్కువ. ఆర్డర్ ఇచ్చేటప్పుడు 'సెమీ క్వార్టర్ హార్స్ బార్స్', 'ఫుల్ క్వార్టర్ హార్స్ బార్స్' అని పేర్లు చెబుతారు. బార్స్ అంటే గుర్రం వెన్నుకు రెండు వైపులా ఆనే ట్రీ పలకలు. ఆ పేర్లకు అందరూ ఒప్పుకున్న ఒక్క కొలత లేదు. ఒక తయారీదారు 'ఫుల్' ఇంకొకరి 'సెమీ'కి దగ్గరగా ఉండొచ్చు. అందుకే పేరు నమ్ముకోకుండా, వంగే తీగను గుర్రం భుజాల దగ్గర, ఇంకాస్త వెనక ఆనించి, ఆ వంపు కాగితం మీద గీసి పంపండి. హార్న్ లోహానిదై ఉండాలి, పట్టు జారకుండా దాని మీద రబ్బరు చుట్టుకుంటారు. సీటు వెనక లేచి ఉండే అంచు, అంటే క్యాంటిల్, తక్కువ ఎత్తులో, మూడు నాలుగు అంగుళాలుంటే చాలు.

తోలు సంగతి. మీకు కావాల్సింది వెజిటబుల్ టాన్ స్కర్టింగ్ లెదర్, అంటే చెట్ల బెరడు వంటివాటితో పదును చేసిన మందపాటి జీను తోలు, 13 నుంచి 15 ఔన్సుల మందం. ఇక్కడ ఔన్సు అంటే అంగుళంలో 64వ వంతు, అంటే ఐదారు మిల్లీమీటర్ల మందమన్నమాట. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ టాన్ తోలు మీద చెక్కుడు నిలవదు. సెయింట్ లూయిస్‌లోని హర్మన్ ఓక్, పెన్సిల్వేనియాలోని వికెట్ అండ్ క్రెయిగ్, ఈ రెండు తోలు కర్మాగారాల సరుకే ఎక్కువమంది వాడతారు. ఇండియా తోలంటారా, మన దగ్గర తంగేడు బెరడుతో పదును చేసిన తోళ్లకు పాత పేరే ఉంది, కాన్పూర్ జీనులు ఎగుమతి కూడా అవుతాయి. కానీ నేను తెప్పించి చూసిన గేదె తోలు మీద స్వివెల్ నైఫ్ (చెక్కుడు గీతలు కోసే చిన్న కత్తి) గాటు శుభ్రంగా నిలబడలేదు, పై పొర గరుకుగా ఉంది. కస్టమ్స్, రవాణా కలిపితే చవక కూడా కాలేదు. ఆ ఆలోచన వదిలేయండి.

రెండున్నర నుంచి మూడు సైడ్లు పడతాయి, సైడంటే సగం తోలు. కోసేటప్పుడు వెన్ను వైపు భాగం స్టిరప్ లెదర్లకు (కాలు పెట్టే రికాబులు వేలాడే పట్టీలు), రిగ్గింగ్‌కు (జీనును గుర్రానికి బిగించే పట్టీల అమరిక) ముందే దాచిపెట్టండి. పొట్ట వైపు తోలు సాగుతుంది, బరువు మోసే ఏ ముక్కకూ అది పనికిరాదు. స్టిరప్ లెదర్లను తడిపి ముందే బాగా లాగి పెట్టాలి. లేదంటే కొన్నాళ్లకు ఒక కాలు కిందికి, ఒక కాలు పైకి అయిపోతుంది.

జీనులో అసలు పనితనం బయటికి కనిపించని చోట ఉంటుంది. దాన్ని గ్రౌండ్ సీట్ అంటారు. ట్రీ రెండు బార్ల మధ్య ఖాళీని జింక్ పూత రేకుతో మూసి, దాని మీద తోలు పొరలు అంటించి, కత్తితో చెక్కి చెక్కి కూర్చునే వంపు తెస్తారు. తొడలు దిగే చోట సన్నగా ఉండాలి, లోతు ముందుకు ఉండాలి. లోతు వెనక్కి పోతే మనిషి క్యాంటిల్ మీద వాలి కూర్చుంటాడు, కాళ్లు ముందుకు పోతాయి, తాడు విసిరేటప్పుడు లేచి నిలబడలేడు. ఈ దశలో మీ స్నేహితుణ్ని పిలిపించి స్టాండ్ మీద కూర్చోబెట్టండి. మా పెద్దాయన జీన్స్ వేసుకోకుండా వచ్చినవాణ్ని వెనక్కి పంపేసేవాడు, మామూలు ప్యాంటుతో వంపు తేడా తెలియదని. పైన సీటు తోలు వేశాక ఇక మార్చడానికేమీ ఉండదు.

రిగ్గింగ్ డబుల్, అంటే ముందొక పట్టీకి, వెనకొక పట్టీకి ఉండాలి, ట్రీకే స్క్రూలతో బిగించాలి. హార్న్ మీద లాగుడు పడితే జీను వెనక భాగం పైకి లేస్తుంది, దాన్ని పట్టి ఉంచేది వెనక పట్టీ. అది గుర్రం తొడల్లోకి జారకుండా ముందు పట్టీకి కలుపుతూ చిన్న పట్టీ ఒకటి తప్పనిసరి. స్కర్ట్‌ల (జీను కింద రెండు వైపులా పరుచుకునే పెద్ద తోలు ముక్కలు) కింద గొర్రె ఉన్ని తోలు అంటించి కుట్టడం కష్టమేమీ కాదు, విసుగు అంతే.

ఇప్పుడు పూలు. షెరిడన్ శైలికి ఆ పేరు వయోమింగ్‌లోని షెరిడన్ ఊరు నుంచి వచ్చింది. దాన్ని తీర్చిదిద్దినవారిలో డాన్ కింగ్ పేరు ముందు చెబుతారు. 1991లో ఆయనకు నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ ఇచ్చారు. చిన్న చిన్న అడవి గులాబీలు, వాటి చుట్టూ గుండ్రంగా తిరిగే కాడలు, సందు లేకుండా ఆకులు. కింగ్ కుటుంబం దుకాణంలో జీనులతో పాటు రోపింగ్ తాళ్లూ అమ్ముతారు. అక్కడికి ఒకసారి వెళ్లిరండి, పాత జీనుల మ్యూజియం కూడా ఉంది.

గీసేటప్పుడు ముందు పూలు, తర్వాత వృత్తాలు, వాటి వెంట కాడలు, చివరికి ఆకులు. ప్రతి కాడా పెద్ద కాడలోంచి ఒకే వైపు జారుతూ పుట్టాలి, అడ్డంగా గుచ్చుకున్నట్టు ఉండకూడదు. ప్లాస్టిక్ ఫిల్మ్ మీద గీస్తే తిరగేసి రెండో వైపుకూ అదే వాడుకోవచ్చు.

తోలుకి తడి సరిగ్గా ఉండటమే చెక్కుడుకు ప్రాణం. బాగా తడిపి, కవర్లో చుట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున తీసి, రంగు దాదాపు మామూలుకు వచ్చి, చెంపకు ఆనిస్తే ఇంకా చల్లగా తగిలినప్పుడు మొదలుపెట్టాలి. దుక్కికి నేల పదును చూసినట్టే, ముందైతే బురద, ఆలస్యమైతే గట్టి. టెక్సస్‌లో ఏసీ గదిలో తోలు చాలా త్వరగా ఆరిపోతుంది, చెక్కని భాగం మీద ప్లాస్టిక్ కప్పి ఉంచండి. వెనక వైపు ప్యాకింగ్ టేప్ అంటిస్తే దెబ్బలకు తోలు సాగదు. మామూలు ఇనుము తడి తోలుకు తగిలితే నల్ల మచ్చ పడుతుంది, నిమ్మరసం రాస్తే చాలావరకు పోతుంది.

మరి పూలు ఎక్కడ? ఫెండర్ల (కూర్చున్నవాడి కాలి కింద వేలాడే వెడల్పాటి తోలు ముక్కలు) పైభాగంలో వద్దు, జీన్స్ రాసుకుని ఏడాదిలో అరిగిపోతాయి. సీటులో అసలే వద్దు. హెడర్ అయితే కుడి స్వెల్ మీద బాస్కెట్ స్టాంప్ (బుట్ట అల్లికలా కనిపించే అచ్చు) వేయండి, తాడు కాల్చిన గీతలు ఆ అల్లికలో కలిసిపోతాయి. మీ గులాబీలన్నీ స్కర్ట్ మూలలకు, క్యాంటిల్ వెనక్కు, వెనక హౌసింగ్‌కు (క్యాంటిల్ వెనక పరిచే తోలు ముక్క) ఇవ్వండి. గుర్రం మీద ఉన్నప్పుడు చూసేవాళ్లకు కనిపించేవీ అవే. ఒక వైపు పూలు, ఒక వైపు బాస్కెట్ అయితే జత కుదరదని రెండు స్వెల్స్‌కీ బాస్కెట్టే వేస్తాను నేను. ఒళ్లంతా పూలు చెక్కిన రోపింగ్ జీను నాకు నచ్చదు, చెప్పేశాను.

చివర్లో పలుచగా నీట్స్‌ఫుట్ ఆయిల్ (తోలును మెత్తబరిచే నూనె), అది ఇంకాక రెసిస్ట్ (రంగు ఇంకకుండా ఆపే పూత), ఆపైన యాంటిక్ పేస్ట్ (గాట్లలో నిలిచే ముదురు రంగు). ఈ వరుస మారితే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది.

ఖర్చు చూస్తే, సామానుకే రెండు వేల డాలర్ల పైమాట. మూలల వరకే పూలు పెట్టుకుంటే సాయంత్రాలు, వారాంతాలు కలిపి కొన్ని నెలల పని. ఫెండర్లతో సహా అన్నీ చెక్కుతానంటే దానికి రెట్టింపు అనుకోండి. మొదట ఒక జత ఫెండర్లు, స్టిరప్ లెదర్లు చేసి అతని పాత జీనుకే తగిలించి చూడండి. మందం తోలు ఎలా ఉంటుందో చేతికి తెలుస్తుంది, స్నేహితుడు కూడా కొన్నాళ్లు వాడి తేడాలేమైనా ఉంటే చెబుతాడు. ట్రీకి మాత్రం ఇప్పుడే ఆర్డర్ పెట్టేయండి, చేతితో చేసేవాళ్ల దగ్గర నెలల తరబడి క్యూ ఉంటుంది.