ఉద్యోగం చేసుకుంటూ బౌద్ధ సాధన: రోజుకు ఎంత సమయం, ఎంత చదువు కావాలి? పాళీ రావాలా?

బౌద్ధ గ్రంథాల పాత భాష పాళీ అక్కర్లేదు. చదువు తక్కువే, సమయం మాత్రం గట్టిగానే అడుగుతుంది. ధ్యాన గురువు ఎస్.ఎన్. గోయెంకా గారి పరంపరలోని విపశ్యన వరకే చెబుతాను, అంటే ఒంట్లో కలిగే అనుభూతులను ఒక్కో చోటా ఉన్నవి ఉన్నట్టు గమనించే ధ్యానం. హైదరాబాద్‌లో, నాగార్జునసాగర్‌లో, ఏలూరు దగ్గర విజయరాయిలో కేంద్రాలున్నాయి కాబట్టి మనకు అందుబాటులో ఉన్నది అదే.

మొదలు పదిరోజుల శిబిరం. ముందురోజు చేరాలి, పదకొండో రోజు ఉదయం వదులుతారు. అంటే 12 రోజుల సెలవు. తెల్లవారుజామున 4కి గంట కొడతారు, రాత్రి 9:30కి లైట్లు ఆపుతారు, మధ్యలో సుమారు పది గంటల ధ్యానం. ఫోను, పుస్తకం, పెన్ను ఉండవు. మొదటి మూడున్నర రోజులు ఆనాపానే, అంటే సహజంగా వచ్చిపోయే శ్వాసను గమనించడం; ఆ తర్వాతే విపశ్యన. ప్రాణాయామం అలవాటున్నవాళ్లకు ఇక్కడే చిక్కు: తెలియకుండానే శ్వాసను లోతుగా లాగేస్తుంటారు. పొట్టిగా వస్తే పొట్టిగానే, ఒక్క ముక్కులోంచే వస్తే అలాగే గమనించాలి, సరిదిద్దకూడదు.

పద్మాసనం వేయక్కర్లేదు. మోకాళ్లు తుంటికంటే పైకి లేస్తే నడుము వంగి నొప్పి పెరుగుతుంది. దిండు ఎత్తు పెంచి చూడండి. మోకాళ్ల జబ్బుంటే కుర్చీ అడగండి. దరఖాస్తులో మానసిక అనారోగ్యం, వాడే మందుల వివరాలు మాత్రం దాచొద్దు.

అసలు కష్టం ఇంటికొచ్చాక. ఉదయం గంట, సాయంత్రం గంట కూర్చోమంటారు. ముందు జారిపోయేది సాయంత్రం గంటే, ఎందుకంటే భోంచేసి కూర్చుంటే వచ్చేది నిద్ర. అన్నానికి ముందే కూర్చోండి. కుదరని రోజు పావుగంటైనా అదే చోట, అదే వేళకు. కొందరు తొలివారం ఉత్సాహంగా నాలుగేసి గంటలు కూర్చుని నెల తిరక్కుండా మానేస్తారు. మితిమీరి సాధన చేసి అలసిన శిష్యుడు సోణుడికి బుద్ధుడు వీణ తీగ గురించి చెప్పింది ఇలాంటివాళ్ల కోసమే: మరీ బిగించినా పలకదు, వదులు చేసినా పలకదు.

ఇంకో పొరపాటు, శిబిరంలో ఒళ్లంతా జలదరించిన అనుభవం మళ్లీ రావాలని ఎదురుచూడటం. ఏ కోరిక తగ్గడానికి కూర్చున్నామో దాన్నే పెంచుకుంటున్నట్టు. ఒంట్లో ఏ అనుభూతీ అందక మొద్దుగా ఉన్న చోట ఓ నిమిషం ఆగి, ఏమీ తెలియకపోయినా ముందుకు జరగాలి.

పంచశీలను (హింస, దొంగతనం, వ్యభిచారం, అబద్ధం, మత్తు మానడం) చాలామంది శ్రమ లెక్కలో వేసుకోరు. పగలు ఒకరితో అబద్ధమాడి సాయంత్రం కూర్చుంటే ఆ గంటంతా మనసు దానిచుట్టే తిరుగుతుంది. నా దృష్టిలో సాధనలో సగం ఇక్కడే ఉంది.

ఇక చదువు. శిబిరానికి ముందు ఏమీ వద్దు. చదివి వచ్చినవాళ్లు పుస్తకంలో ఉన్నది ఒంట్లో వెతుక్కుంటూ కూర్చుంటారు. తర్వాత బుద్ధుడి బోధల పద్యాల సంకలనం ధమ్మపదం: 423 గాథలు, రోజుకు రెండు చొప్పున ఏడు నెలలు. ఆపైన ఈ ధ్యానాన్ని వివరించే బుద్ధుడి ప్రవచనం, మహాసతిపట్ఠాన సుత్తం. దాని చివర్లో సాధన ఫలితం దక్కడానికి ఏడేళ్ల నుంచి ఏడు రోజుల దాకా గడువులున్నాయి. ఆ ఏడు రోజుల్నే పట్టుకుని, ముందున్న 'ఇలా సాధన చేస్తే' అన్న షరతును వదిలేసేవాళ్లు బోలెడుమంది. ఈ సుత్తం మీద ప్రత్యేక శిబిరం కూడా ఉంది, కానీ కనీసం మూడు పదిరోజుల శిబిరాలు, ఏడాది నిత్యసాధన అయ్యాకే తీసుకుంటారు. బౌద్ధ తత్త్వాన్ని లోతుగా విశ్లేషించే అభిధమ్మం జోలికి అప్పటిదాకా వెళ్లకపోయినా నష్టం లేదు.